మన మనిషి

రెండో బకెట్టు నీళ్లలో ఫినాయిల్ పోసి బసవమ్మ చేత్తోనే కలిపింది. ఆపరేషన్ థియేటరు నేలను పొడుగు కర్రకు కట్టిన కుచ్చుతో తుడిచేవాళ్లంటే ఆమెకు గౌరవం లేదు. ఎడమ మోకాలి మీద కూర్చుని, కుడి కాలు పక్కకు చాపి, తడి గుడ్డను అర్ధచంద్రంలా తిప్పుతూ గోడ వైపు నుంచి గుమ్మం వైపు వెనక్కి జరుగుతోంది. ఒకప్పుడు రెండు మోకాళ్ల మీదా కూర్చునేది. ఏడాదిగా కుడి కాలు అలా మడవడం లేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. నేల తుడిచే మనిషి కాళ్లు ఎలా పెట్టుకుందో చూసేంత తీరిక నరసరావుపేటలో ఏ నర్సింగ్ హోములోనూ ఎవరికీ ఉండదు.

ఆమె పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. ముఖంలో ముందు కనిపించేది దవడ. కనుబొమలు దాదాపు లేవు. నెరిసిన జుట్టును లాగి లాగి ముడి వేయడం వల్ల నుదురు ఎప్పుడూ ఎవరినో నిలదీస్తున్నట్టు బిగుసుకుని ఉంటుంది. ఇరవయ్యారేళ్లు బ్లీచింగులోనూ స్పిరిట్లోనూ నానిన చేతులు మోచేతుల దాకా తెల్లబడి, ఆమెవి కానట్టు, ఎవరో అతికించినట్టు ఉంటాయి.

మనుషులంటే ఆమెకు చులకన. అది పొద్దున్నే మొదలై, ఒక్కొక్క రకం వాళ్లకూ ఒక్కొక్క పాలు చొప్పున పంచబడుతుంది. పేషెంట్లకు మొదటి పాలు. పరగడుపున రమ్మంటే నాలుగిడ్లీలు తిని వచ్చి, కోటప్పకొండ మీద ఒట్టేసి తినలేదంటారు. మత్తిచ్చాక ఆ నాలుగూ బయటికొస్తాయి. వాటిని ఎత్తేది బసవమ్మ. తర్వాత బంధువులు. ట్రాక్టరు నిండా వస్తారు, రక్తం కావాలనేసరికి ఇద్దరు మిగులుతారు. తెల్ల చొక్కాల ఊరి నాయకులకు ఇంకో పాలు. వాళ్లు వస్తే పేషెంటు కంటే ముందు వాళ్లకు కుర్చీ వేయాలి. ఫోనులో ముఖం చూసుకునే నర్సులు, ఎవరైనా చూస్తుంటేనే పూర్తిగా చేతులు కడుక్కునే డాక్టర్లు, అందరికీ అందుతుంది. చివరికి ఏమైనా మిగిలితే థియేటరు అసిస్టెంటు కాలేషాకు. అతను ఆమెను అత్తా అంటాడు, ఆమె అతన్ని ఒరేయ్ అంటుంది. అంతకంటే దగ్గరివాళ్లు ఆ భవనంలో ఆమెకు లేరు. మొగుడు ముప్పై ఏళ్ల కింద కృష్ణ దాటి క్వారీ పనికి వెళ్లి అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. కూతురు మంజుల చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లులో పనిచేస్తుంది.

తీసిన గడ్డను ట్రేలో పెట్టి, ఆకుపచ్చ గుడ్డ కప్పి, తలుపు బయట నిలబడ్డ బంధువులకు చూపించడం అక్కడి రివాజు. చూపించకపోతే అసలు తీశారో లేదో అని అనుమానపడతారు. ఆ పని బసవమ్మది. గుడ్డ ఎత్తగానే కొందరు మొహం తిప్పుకుంటారు, కొందరు ఫోటో తీసుకుంటారు. ఒకాయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. చూపించాక గడ్డను సీసాలో వేసి, అది పాడవకుండా ఫార్మలిన్ పోసి, ప్లాస్టరు ముక్క మీద పేరూ వయసూ రాసి, గుంటూరు ల్యాబుకు తీసుకెళ్లమని వాళ్ల చేతికిస్తుంది. ఆ గడ్డ మంచిదో చెడ్డదో తేల్చేది ఆ పరీక్షే. ఇచ్చేటప్పుడు ఒకటే మాట చెబుతుంది.

"ఇది పోగొట్టారంటే మనిషిని పోగొట్టుకున్నట్టే. దారిలో ఏమీ చెయ్యబాకండి."

పదిన్నరకు ఓపీ గది ముందు బెంచీ మీద గురజాల వైపు నుంచి వచ్చిన పెదకోటయ్య, అతని భార్య రోశమ్మ కూర్చుని ఉన్నారు. అతను నాపరాళ్లు లారీకెత్తే కూలి. పన్నెండు రోజుల కింద ఆమె భుజం మీది గడ్డను ఇక్కడే తీశారు. పెదకోటయ్య ఒళ్లో సీసా ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. బసవమ్మ తన రాతను గుర్తుపట్టింది.

"ఇదింకా నీకాడే ఉందేంది?"

"ల్యాబోళ్లు ఎనక్కిచ్చారక్కా. పనికిరాదన్నారు."

ఆమె సీసా లాక్కుని మూత తీసింది. ఫార్మలిన్ ఘాటు కళ్లలో గుచ్చుకోవాలి. గుచ్చుకోలేదు. అడుగున తెల్లగా రవ్వలాంటిదేదో పేరుకుని ఉంది.

"నేను పోసిన మందేది?"

పెదకోటయ్య భార్య వంక చూశాడు. రోశమ్మ కట్టు కట్టిన భుజాన్ని సర్దుకుని, దాచడానికేమీ లేనట్టు చెప్పింది.

"బస్సులో మూత కాడ కారింది. కళ్లు మండుతున్నయ్యని అందరూ మామీద పడ్డారు. దిగమన్నాడు కండక్టరు. సత్తెనపల్లిలో దిగి పారబోసి, కొట్లో ఉప్పు కొని నిండా పోశాం."

"ఉప్పు."

"గళ్లుప్పు దొరకలా. మెత్తుప్పే."

"ఊరేశారన్నమాట. కారం గూడా కలపాల్సింది."

"కారమెందుకక్కా. పాడవకుండా ఉంటే చాలు గదా. మాగాయ ముక్కలు ఏడాదుంటయ్ ఉప్పులో."

బెంచీ మీద ఎవరో నవ్వారు. బసవమ్మ నవ్వలేదు. సీసాను పైకెత్తి, వరుసలో ఉన్నవాళ్లందరికీ కనపడేలా పట్టుకుంది.

"చూడండి. మనిషి కండకీ మామిడికాయకీ తేడా తెలవని మొహాలు. అన్నంలో కలుపుకోని తినకపోయారా ఇద్దరూ. ఏమే, నీ పానం గురించే గదా ఈ సీసా. దిగమంటే దిగాలి గానీ పారబోస్తారా? నడిచి పోవాలి గుంటూరు."

"చానా దూరం గదక్కా," అన్నాడు పెదకోటయ్య, ఆమె నిజంగానే ఆ సలహా ఇచ్చిందనుకుని.

లోపల డాక్టరు ధరణి ఇదంతా విన్నది. ఆమె వచ్చి నాలుగు నెలలైంది. అంతకుముందు పాతికేళ్లు ఈ కుర్చీలో కూర్చున్నది పాత డాక్టరు, అందరూ పెద్దాయన అనే ఆయన. ఆయనకు పక్షవాతం వచ్చి మంచం పట్టాక యాజమాన్యం ఈమెను తెచ్చింది. బసవమ్మ దృష్టిలో ఈమె భయస్తురాలు. పులిపిరి తీసినా ముక్క పరీక్షకు పంపుతుంది. పెద్దాయన అయితే రెండు వేళ్లతో నొక్కి, అవతలివాడు చొక్కా గుండీ పెట్టుకునేలోపే ఏ గడ్డో చెప్పేవాడు. ఆయన మాట తప్పయిందని ఇక్కడికెవరూ తిరిగి రాలేదు. తప్పయినవాళ్లు గుంటూరు పోతారు, అక్కణ్నించి ఇంకెక్కడికో పోతారు. నరసరావుపేట దాకా వచ్చి చెప్పే ఓపిక వాళ్లకుండదు. ఈ మాట బసవమ్మకు చాలా కాలంగా తెలుసు. పెద్దాయన గురించి మాత్రం ఎప్పుడూ దాన్ని అనుకోలేదు.

ధరణి ఉప్పు గడ్డను ట్రేలోకి తీసి, కడిగి, నిలువునా కోసింది. చుట్టూ బూడిద రంగు. లోపల నడిమధ్య కొంత మేర ఇంకా పసుపుగా ఉంది.

"పైన పాడైంది. మధ్యది చదవగలరేమో చూద్దాం. మళ్లీ పంపిస్తాను. ల్యాబుకు ఉత్తరం రాసిస్తా, అందాకా కూర్చోండి," అంది వాళ్లతో. తిట్టలేదు. బసవమ్మకు అదీ తప్పుగానే కనిపించింది. ఇలాంటివాళ్లను తిట్టకుండా పంపితే రేపు ఇంకొకడు బెల్లం పాకంలో వేసుకొస్తాడు.

ఆ రోజు ఆపరేషన్లు రెండే. మొదటిది వరిబీజం. రెండోది పత్తి మిల్లు గుమస్తా వీపు మీది గడ్డ. రెండోది అయిపోయి కుట్లు వేసేముందు రక్తం అద్దిన గాజుగుడ్డలు లెక్క పెడితే ఒకటి తక్కువ వచ్చింది. బసవమ్మ టేబుల్ కింద వెతకడానికి వంగింది. గుడ్డ దొరికింది. దాన్ని పైకి అందించింది కానీ తను లేవలేకపోయింది. టేబుల్ ఇనప కాలు పట్టుకుంది. మళ్లీ ప్రయత్నించింది. నోట్లోంచి శబ్దం రాకుండా పెదవిని పళ్లతో నొక్కి పట్టింది.

"అత్తా, ఆడే నిద్రపోయావా ఏంది?" అన్నాడు కాలేషా.

"నీ మొహం చూళ్లేక ఈడ కూచున్నా."

పేషెంటును స్ట్రెచరు మీద బయటికి తోశాక ధరణి తలుపు మూసింది. కాలేషా, తనూ చెరో చెయ్యీ పట్టి బసవమ్మను లేపారు.

"టేబుల్ ఎక్కండి," అంది.

"నాకేమైందని?"

"ఏమీ కాకపోతే ఎక్కి దిగండి."

ఇరవయ్యారేళ్లలో ఆమె ఆ టేబుల్ని రోజూ తుడిచింది. దాని మీద పడుకున్నది రెండు సార్లే. ఇది మూడోసారి. చీర పక్కకు తొలగించాక తొడకు బిగుతుగా చుట్టిన సాగుడు బ్యాండేజీ కనిపించింది. పేషెంట్లకు విప్పిన మూడు పాత బ్యాండేజీలను ఉతికి, చివర్లు కలిపి కుట్టుకుంది. ధరణి దాన్ని మెల్లగా విప్పుతుంటే ఒకదాని తర్వాత ఒకటి చుట్లు వస్తూనే ఉన్నాయి. కుడి తొడ వెనక కొబ్బరికాయంత గడ్డ. చర్మం సాగి మెరుస్తోంది. నీలం నరాలు. దాని మీద అడ్డంగా పాత గాటు ఒకటి, ఆ పక్కనే ఇంకొకటి. ధరణి చెయ్యి గడ్డ మీద చాలాసేపు కదలకుండా ఉంది.

"ఎప్పటిది?"

"ఎప్పటిదని చెప్పను. మంజుల కడుపులో ఉన్నప్పటి నుంచి నిమ్మకాయంత ఉండేది. దాని పాటికది ఉంది, నా పాటికి నేనున్నా. నాలుగేళ్ల కింద బత్తాయంతైంది. పెద్దాయన తీశాడు. రెండేళ్లకు మళ్లీ వచ్చింది. మళ్లీ తీశాడు. ఇది మళ్లీ."

"ముక్క పరీక్ష రిపోర్టులున్నాయా?"

"ఏం రిపోర్టు?"

"పోనీ కేసు షీటు?"

జవాబు కాలేషా చెప్పాడు, అదొక మర్యాద అయినట్టు. "మనవాళ్లకు కేసు షీటు రాయం మేడమ్. అత్త మన మనిషి గదా. పెద్దాయన లిస్టంతా అయిపోయాక చేశాడు, రెండు సార్లూ. రూపాయి తీసుకోలా."

బసవమ్మకు ఆ రెండు మధ్యాహ్నాలూ గుర్తున్నాయి. మొదటిసారి టేబుల్ మీద నడుము కింద మొద్దుబారి పడుకుని, పెద్దాయన తన తొడ దగ్గర నిలబడి ఎవరితోనో పొలం సంగతి మాట్లాడుతుంటే ఆమెకు గర్వంగా ఉంది. నంబరు చీటీ లేకుండా, సంతకాలు లేకుండా, బెంచీ మీద కూర్చోకుండా. బఠాణీ కాయలోంచి గింజను నొక్కినట్టు గడ్డను బయటికి లాగి, పావుగంటలో కుట్లు వేసి, "ఉత్త కొవ్వే బసవా," అన్నాడు. కాలేషా ట్రే తెచ్చి ఆమె మొహం ముందు పెట్టాడు. తలుపు బయట చూపించడానికి ఆమెకెవరూ లేరు.

"సీసాలో వెయ్యనా అత్తా?" అని అడిగాడు.

"పారెయ్ రా. నేనేమన్నా పల్లెటూరిదాన్నా," అంది తను.

రెండోసారి అతను అడగనూ లేదు.

పెద్దాయన మంచివాడే. ఉచితంగా చేసే పనిలో చెయ్యి తొందరపడుతుందని మాత్రం ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పగలిగిన మనిషి టేబుల్ మీద పడుకుని ఉంది.

ధరణి చేతి తొడుగులు తీసేసి, స్టూలు లాక్కుని ఆమె తల దగ్గర కూర్చుంది.

"చూడండి బసవమ్మా. ఇలా లోతుగా, ఏళ్ల తరబడి ఉన్న కొవ్వు గడ్డల్లో కొన్ని ఉత్త కొవ్వు కావు. చూడ్డానికి అలాగే ఉంటాయి, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. అలాంటిదాన్ని గడ్డ వరకే లాగేస్తే చుట్టూ కండలో కొంత మిగిలిపోతుంది. అది మళ్లీ పెరుగుతుంది. పెరిగిన ప్రతిసారీ ఇంకా లోతుకు పోతుంది, ఏదో ఒకసారి పూర్తిగా చెడ్డదిగా మారుతుంది. ఇది మారిందనే నాకు అనిపిస్తోంది. ఎముకకు అంటుకున్నట్టుంది."

"తీసెయ్యి ఈడే. పడుకునే ఉన్నాగా."

"నేను తీయను. ఇక్కడ తీయకూడదు. గుంటూరు పోవాలి, సోమవారం దాటకుండా. కాలు తీయాల్సి రావచ్చు. ఆలస్యమైతే కాలుతో పోదు."

బసవమ్మ పైనున్న పెద్ద లైటు వంక చూసింది. దాని గాజు మీద ఒక ఈగ మరక ఉంది. పొద్దున తుడిచినప్పుడు కనపడలేదు.

"మొదటిసారే సీసాలో వేసుంటే?"

"ఖాయంగా చెప్పలేను. ఏంటో తెలిసుండేది. రెండోసారి చుట్టూ మంచి కండతో సహా తీసేవాళ్లు. కాలు ఉండేదేమో."

భయస్తురాలు అబద్ధం చెబుతుందనుకుంది బసవమ్మ. చెప్పలేదు. అందుకు ఆమె మీద కోపం వచ్చింది. ఆ కోపం ఎక్కడా నిలవలేదు. పెద్దాయన మీదికి పోయింది, అక్కణ్నించి కాలేషా మీదికి పోయింది, చివరికి ట్రే ముందు మొహం పక్కకు తిప్పుకుని పారెయ్ రా అన్న ఆడమనిషి దగ్గరికి వచ్చి ఆగింది. ఆమెకు ఇవ్వడానికి ఎంత చులకన కావాలంటే అంత సిద్ధంగా ఉంది. ఇరవయ్యారేళ్లుగా పంచినా తరగలేదు.

బ్యాండేజీ తనే చుట్టుకుని, ట్రేలు కడిగి, గుమస్తా గడ్డను సీసాలో వేసి పేరు రాసి అతని బంధువులకిచ్చింది. సీసా ఇచ్చేటప్పుడు చెప్పే మాట చెప్పలేదు. వరండాలోకి వచ్చేసరికి మూడు దాటింది. పెదకోటయ్య అక్కడే ఉన్నాడు. ల్యాబు ఉత్తరం జేబులో, కొత్త సీసా ఒళ్లో. రోశమ్మ బెంచీ మీద పడుకుని నిద్రపోతోంది. అతను భోజనానికి లేచినట్టు లేదు. సీసాను నేల మీద పెడితే ఎవరి కాలన్నా తగులుతుందని, బెంచీ మీద పెడితే దొర్లుతుందని నాలుగు గంటలుగా చేతుల్లోనే పట్టుకున్నాడు. మూత పక్కన బొటనవేలు తెల్లగా పాలిపోయి ఉంది.

బసవమ్మ నిలబడి చూసింది. వెర్రివాడు. కండకీ మామిడికాయకీ తేడా తెలియదు. భార్య భుజంలోంచి ఏం తీశారో తెలియదు, ఎందుకు మోస్తున్నాడో తెలియదు. పారేయడం మాత్రం తట్టలేదు.

"ఇటివ్వు," అంది.

అతను బెదిరి ఇచ్చాడు. ఆమె మూత బిగించి, దాని చుట్టూ ప్లాస్టరు మూడు చుట్లు వేసి, పాలిథిన్ కవరులో పెట్టి ముడేసింది.

"ఇంక కారదు. ఎవుడన్నా దిగమంటే పరీక్షకు తీసుకపోయే ముక్కని చెప్పు. ఉత్తరం చూపియ్యి. దిగబాక."

"దిగనక్కా."

"భోంచేశావా?"

"ఇది పట్టుకోని ఎట్టా తినేది?"

ఆమె సీసాతో అక్కడే కూర్చుంది. అతను బయటికి వెళ్లి తిని వచ్చేదాకా ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతోనే పట్టుకుంది.

ఆ తర్వాత రిసెప్షనుకు వెళ్లి కాలేషాను పిలిచి, కొత్త కేసు షీటు తీయమంది.

"ఎవరికత్తా?"

"రాయి. బసవమ్మ."

అతను ఆమె మొహం చూసి పెన్ను తీశాడు. పేరు రాసి ఆగాడు. "ఇంటిపేరేంది?"

"ఇరవయ్యారేళ్లకు అడిగావు. చల్లా."

"వయసు యాభై వేసుకోనా?"

"యాభై ఆరు. నన్ను పడుచుదాన్ని చేసి ఎవరికి చూపిస్తావు?"

వృత్తి అన్న చోట అతను స్టాఫ్ అని రాశాడు. ఆమెకు అక్షరాలు ఐదో తరగతి దాకా వచ్చు. వేలు పెట్టి చూసింది.

"అది కొట్టెయ్యి."

"ఎందుకత్తా? స్టాఫ్ అని ఉంటే ఆడ గుంటూర్లో గూడా కాస్త చూస్తారు. మన మనిషని పెద్దాయన చేత ఒక ఫోను..."

"చూశారుగా రెండుసార్లు. కొట్టెయ్యరా. కూలి అని రాయి. కూలోళ్లకైతే అన్నీ రాసుకుంటారు."

కాలేషా కొట్టేశాడు. గీత వంకరగా పోయింది. కిందుగా కూలి అని రాశాడు. ఆమె ఆ కాగితాన్ని రెండు సార్లు చదువుకుని మడత పెట్టింది. తర్వాత లోపలికి వెళ్లి, మర్నాటి కేసులకు గుడ్డలు మడిచి, లైటు గాజు మీది మరక తుడిచి, ఎప్పటిలా ఆరింటికి బయటికి వచ్చింది.

సోమవారం మంజుల వచ్చి సంచి పట్టుకుంటే ఇద్దరూ గుంటూరు బస్సెక్కారు. ఈసారి ముక్కను సీసాలో వేశారు, పేరూ ఇంటిపేరూ రాశారు. ధరణి అన్నదే నిజమైంది. కాలును తుంటి దాకా తీశారు. అప్పటికే అది ఊపిరితిత్తుల్లో నాలుగు చోట్లకు పాకి ఉంది. శ్రావణ మాసం సగంలో, మధ్యాహ్నం భోజనాల వేళ, మంజుల నీళ్లు పట్టుకు రావడానికి వెళ్లినప్పుడు బసవమ్మ ప్రాణం పోయింది.

రోశమ్మ ముక్క చదవడానికి పనికొచ్చింది. ఉత్త కొవ్వు గడ్డ. పెదకోటయ్య ఆ కాగితం చూపించడానికి వచ్చి అక్క ఏదని అడిగాడు. లేదన్నారు. వస్తే చెప్పమని వెళ్లాడు.

యాజమాన్యం వాళ్లు మన మనిషి అని రిసెప్షన్లో ఫోటో పెట్టి దండ వేద్దామనుకున్నారు. ఇరవయ్యారేళ్లలో ఎవరూ ఆమె ఫోటో తీయలేదని తెలిసింది. రెండు నిమిషాలు నిలబడి, పదింటి కేసును పదీ ఐదుకు మొదలుపెట్టారు.

కొత్తగా వచ్చిన ప్రమీలమ్మ, పరికరాలు కడిగే సింకు కింద చీపురు పెట్టి లాగితే బరువైనదేదో అడ్డం తగిలింది. బయటికి తీసి, "ఇదేందన్నా?" అని కాలేషాను అడిగింది. అతను చూసి తెలియదన్నాడు. పాత థియేటరు గుడ్డలో చుట్టి, నాలుగు మూలలా సన్నని కుట్లు వేసి, పైన దూది పరిచిన ఇటుక. దూది మీద ఒక్క చోట, సింకు ముందు నిలబడ్డ మనిషి కుడి మడమ పట్టేంత మేర, గట్టిగా అణిగి నల్లబడిన పల్లం.